ఎముకలు పెంచే సూది: మొదటి పెన్ను నుంచి ఆఖరి పెన్ను దాకా ఇంట్లో ఎలా వాడుకోవాలి

2023 మే నెలలో ఆవకాయ జాడీ కదపబోతే నా నడుములో కటుక్కుమంది. జాడీ అటక మీదేం లేదు. గచ్చు మీదున్నదాన్ని గోడవారకు జరపబోయాను, అంతే. పట్టేసిందనుకుని వారం రోజులు కాపడం పెట్టుకున్నాను. ఎనిమిదో రోజు విజయవాడ సూర్యారావుపేటలో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఇది పట్టు కాదమ్మా, వెన్నుపూస ఒకటి నలిగింది" అన్నారు. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే వెన్ను దగ్గర టీ స్కోరు మైనస్ 3.6 వచ్చింది. మైనస్ 2.5కి దిగితేనే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. అప్పటికి నాకు 63 ఏళ్లు.

ఆయన టెరిపారటైడ్ అనే ఇంజెక్షన్ రాశారు. పెన్నులాంటి గొట్టంలో నింపి వస్తుంది, దాన్నే పెన్ను అంటారు. రోజుకొకటి చొప్పున రెండేళ్లు. విని గుండె జారిపోయింది కానీ, సూది గుచ్చుకోవడం మూడో రోజుకే అలవాటైపోయింది. నన్ను నిజంగా తిప్పలు పెట్టినవి రెండు: మందును చల్లగా కాపాడుకోవడం, మందు అయిపోయాక ఏం చేయాలో తెలియకపోవడం. అందుకే ఇందులో ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను. మీకు ఈ మందు కావాలా వద్దా అన్నది మాత్రం మీ డాక్టరే తేల్చాలి.

1. రాసిన మందు ఏదో ముందు తెలుసుకోండి

మనవాళ్లు అన్నిటినీ కలిపి "ఎముకల ఇంజెక్షన్" అనేస్తారు. మా పక్కింటావిడ "నాకు ఆరు నెలలకొకటే వేస్తున్నారు, నీకు రోజూ ఏమిటి? డబ్బులు గుంజడానికి కాకపోతే!" అంది. ఆవిడ వాడేది డెనోసుమాబ్, 60 మిల్లీగ్రాములు. ఏడాదికోసారి డ్రిప్‌లా ఎక్కించేది జోలెడ్రోనిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు. ఈ రెండూ ఉన్న ఎముక కరిగిపోకుండా ఆపుతాయి. టెరిపారటైడ్ అలా కాదు, కొత్త ఎముకను కట్టిస్తుంది. రోజుకు 20 మైక్రోగ్రాములు, చర్మం కింద. కొత్త ఎముకను కట్టించేదే రొమోసోజుమాబ్ అని ఇంకొకటుంది. దాన్ని నెలకోసారి రెండు సూదులుగా పన్నెండు నెలలు వేస్తారు. గత ఏడాదిలోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు అది ఇవ్వరు.

టెరిపారటైడ్ మన మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తయారుచేసే హార్మోనులో ఒక ముక్క. తమాషా ఏమిటంటే, ఆ హార్మోను ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది. రోజుకోసారి కాసేపు పెరిగి తగ్గిపోతే మాత్రం ఎముక పెరుగుతుంది. మన డెల్టాలో వరి చేనుకు వంతులవారీగా పెట్టే నీరు మేలు చేస్తుంది, అదే నీరు చేను మునిగేలా వారం నిలిచిపోతే చేను కుళ్లిపోతుంది. అలా అనుకుంటే నాకు అర్థమైంది. సూది రోజూ ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది.

మా అబ్బాయి నెట్‌లో ఏదో చదివి, ఎముకల క్యాన్సర్ వస్తుందట అంటూ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. రెండు రోజులు ఇంటిల్లిపాదికీ టెన్షన్. డాక్టరు గారిని అడిగితే విడమరిచి చెప్పారు. ఎలుకలకు పెద్ద మోతాదుల్లో చాలాకాలం ఇచ్చినప్పుడు ఎముక క్యాన్సర్ కనిపించింది. అందుకని 2002లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు డబ్బా మీద గట్టి హెచ్చరిక పెట్టించారు. ఏళ్ల తరబడి గమనించాక మనుషుల్లో ఆ ముప్పు పెరిగినట్టు తేలలేదు కాబట్టి 2020లో ఆ హెచ్చరిక తీసేశారు. 2001లో అచ్చైన పెద్ద అధ్యయనంలో, అప్పటికే వెన్నుపూస విరిగిన 1,637 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే, 20 మైక్రోగ్రాములు వాడినవాళ్లలో కొత్తగా వెన్నుపూస విరగడం 65 శాతం తగ్గింది. ఆ లెక్క విన్నాక మావాడు నోరు మూసుకున్నాడు.

అయినా కొందరికి ఇది పనికిరాదు. ఎముకలకు రేడియేషన్ ఇచ్చినవాళ్లు, ఎముకల్లోకి క్యాన్సర్ పాకినవాళ్లు, రక్తంలో కాల్షియం ముందే ఎక్కువున్నవాళ్లు, ఎదిగే వయసు పిల్లలు వాడకూడదు. కిడ్నీలో రాళ్లున్నా, గుండెకు డిగాక్సిన్ మాత్ర వాడుతున్నా, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

2. పాత కథంతా చెప్పండి, పరీక్షలు చేయించుకోండి

నాకు 38 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇది ఇంటింటి కథ. "ఇంకేం పని, తీయించేసుకో" అంటే తీయించేసుకున్నాం. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోను పోతుంది, ఈస్ట్రోజెన్ పోతే ఎముక పలచబడుతుంది. ఆ ముక్క ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. మీకూ ఇలాంటిదేమైనా ఉంటే, ఆయాసానికో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్లు మింగి ఉంటే, అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉంటే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎముకలకు ఇంతకుముందు ఏ మందు వాడారన్నది తప్పనిసరిగా చెప్పండి. ముఖ్యంగా పక్కింటావిడ వాడే ఆరు నెలల సూది వాడి ఉంటే. దాని నుంచి నేరుగా దీనికి మారితే కొన్నాళ్లు తుంటి ఎముక పలచబడుతుంది.

నాకు చేసిన పరీక్షలు: రక్తంలో కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, కిడ్నీల పని చూసే క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, థైరాయిడ్. ఎముక మూలుగలో క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవడానికి ప్రొటీన్ పరీక్ష ఒకటి కూడా రాశారు.

3. పన్నెండు కాదు, పదమూడు

పెన్నులో 28 రోజులకు సరిపడా మందే ఉంటుంది. నెలకొకటి అనుకుని ఏడాదికి పన్నెండు లెక్కేస్తే తప్పుతుంది. ఏడాదికి పదమూడు, రెండేళ్లకు ఇరవై ఆరు. ఖర్చు చిన్నదేం కాదు. నేను ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పెన్షన్‌లో పెద్ద భాగం దీనికే పోయింది. ఇదే మందు మన దేశంలో చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధరల్లో బాగా తేడా ఉంటుంది. ఏది కొన్నా డాక్టరుకు చూపించి ఒప్పించుకోండి. మొదలుపెట్టే ముందే రెండేళ్లూ కొనగలమా అని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. నాలుగు నెలలు వాడి డబ్బుల్లేవని మానేస్తే, ఆ నాలుగు నెలల డబ్బూ దండగే.

పెన్నుతో పాటు సూదులు రావు. ఇన్సులిన్ పెన్నుకు వాడే సన్న సూదులే విడిగా కొనుక్కోవాలి. రోజుకో కొత్త సూది.

షాపులో ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉండాలి. రెండో పెన్ను కొన్నప్పుడు ఒక మందుల షాపు కుర్రాడు దాన్ని మామూలు కవరులో వేసి చేతికిచ్చాడు. ఐస్ ప్యాక్ ఏదయ్యా అంటే "దగ్గరే కదమ్మా" అన్నాడు. విజయవాడ ఎండలో ఆటోలో ముప్పావుగంట ప్రయాణం దగ్గరా? ఆ రోజు తీసుకోకుండా వచ్చేశాను. ఆ తర్వాత నుంచి వెడల్పు మూతి ఫ్లాస్కు, చిన్న తువ్వాలు, ఐస్ ప్యాక్ నేనే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఐస్ ప్యాక్ పెన్నుకు నేరుగా తగలకూడదు, మధ్యలో తువ్వాలు ఉండాలి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. షాపువాళ్లు పెన్నును ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారో, బల్ల సొరుగులోంచి తీసి ఇస్తున్నారో కూడా చూడండి. మొహమాటపడకండి.

4. ఫ్రిజ్‌లో చోటు

ఫ్రీజర్ కింది అర వద్దు, వెనక గోడకు ఆనించవద్దు. అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. తలుపు అరలు వద్దు, అది పాలకూ పెరుగుకూ రోజుకు ఇరవైసార్లు తెరుచుకుంటుంది. మధ్య అరలో ముందువైపు మూతున్న డబ్బాలో పెట్టండి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఇది రెండుసార్లు చదవండి. మావారికి షుగరు. ఆయన పెన్ను, నా పెన్ను ఒకే డబ్బాలో ఉండేవి. ఒకరోజు రాత్రి కళ్లజోడు లేకుండా ఆయన పెన్ను తీసి, సూది బిగించి, పొట్ట దాకా తెచ్చుకున్నాను. ఆయనే చూసి "అది నాది కదటే!" అని అరిచారు. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ రోజే డబ్బాలు వేరు చేసి, నా పెన్నుకు ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టాను. పేరు చదవకుండా ఏ పెన్నూ వాడకండి.

కొత్త పెన్ను మొదలుపెట్టిన తేదీ, దానికి 28వ రోజు తేదీ రెండూ క్యాలెండర్ మీద రాయండి. 28 రోజులు దాటితే లోపల మందు మిగిలినా పారేయాల్సిందే. మిగిలింది కదా అని నేనూ ఒకసారి ఆశపడ్డాను, వద్దు.

5. సూది వేసుకోవడం

పెన్ను తిప్పే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. మొదటిసారి ఆసుపత్రిలో నర్సమ్మ ముందు మీ చేత్తోనే చేసి చూపించండి. మా నర్సమ్మ నా చేత మూడుసార్లు చేయించింది, స్కూల్లో నేను పిల్లల చేత ఎక్కాలు చదివించినట్టు. ఇంట్లో నా వరస ఇదీ:

చేతులు సబ్బుతో కడుక్కుంటాను. పెన్ను మీద పేరు చదువుతాను. మందు నీళ్లలా తేటగా ఉందో లేదో చూస్తాను. మసకగా ఉన్నా, రంగు మారినా, నలుసులున్నా వాడను. కొత్త సూదిని వంకరపోకుండా నిటారుగా బిగిస్తాను. పెన్ను కాగితంలో రాసినట్టు మోతాదు సిద్ధం చేసుకుంటాను. పొట్ట మీదో తొడ మీదో చర్మాన్ని మెల్లగా పట్టుకుని సూది నేరుగా దించుతాను. మీట పూర్తిగా నొక్కి, అలాగే పట్టుకుని ఒకటి నుంచి ఐదు దాకా నిదానంగా లెక్కపెట్టి అప్పుడు తీస్తాను. తొందరపడి తీస్తే మందు బయటికి కారిపోతుంది. రోజు మోతాదు ఒక చుక్క పాటిదే, అందులో సగం చర్మం మీద కారితే ఇక వేసుకున్నదేముంది? చిన్న రక్తపు చుక్క వస్తే దూదితో అదమండి, రుద్దకండి. సూదిని దాని పెద్ద మూతతో విప్పేసి, పెన్నును వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. సూది పెన్నుకే ఉంచేస్తే మందు కారుతుంది, గాలి బుడగలు చేరతాయి.

చోటు రోజూ మార్చాలి. కుడి తొడ, ఎడమ తొడ, పొట్ట కుడివైపు, ఎడమవైపు. బొడ్డుకు రెండంగుళాల దూరం వదలండి.

వాడిన సూదుల్ని దళసరి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. నిండాక ఆసుపత్రికో ల్యాబుకో అడిగి ఇచ్చేయండి. తడి చెత్త, పొడి చెత్తలో కలిపితే పొద్దున్నే చెత్త బండి తోసుకొచ్చే అమ్మాయి చేతికి గుచ్చుకుంటుంది.

ఒకరోజు మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. రోజు దాటిపోతే వదిలేయండి. రెండు రోజులదీ కలిపి ఒక్కరోజే వేసుకోకూడదు.

6. మొదటి వారాలు

మొదట్లో కొందరికి సూది వేసుకున్న కొద్దిగంటల్లో బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఎముకలు గుల్లబారినవాళ్లు కళ్లు తిరిగి పడితే ఇంకేమన్నా ఉందా? అందుకే మంచం పక్కన కూర్చుని వేసుకోండి. నేను రాత్రి తొమ్మిదింటికి పడుకునే ముందు పెట్టుకున్నాను. రెండు రోజులు తల తేలిపోయినట్టుంది, తర్వాత లేదు. వికారం ఒక వారం. పిక్కలు పట్టేయడం మాత్రం రెండు మూడు నెలలు వదల్లేదు. అర్ధరాత్రి లేచి గోడకు చేతులానించి పాదం సాగదీసుకునేదాన్ని. వికారం, వాంతులు, మలబద్ధకం, నీరసం వదలకపోతే రక్తంలో కాల్షియం పెరిగిందేమో చూడాలి, డాక్టరుకు ఫోన్ చేయండి. యూరిక్ యాసిడ్ కూడా పెరగొచ్చు, దానివల్ల కీళ్లు వాచే గౌట్ జబ్బు ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి.

కాల్షియం పరీక్షకు ఒక చిట్కా. సూది వేసుకున్నాక నాలుగు నుంచి ఆరు గంటలకు కాల్షియం పైకి వెళ్లి, 16 గంటలు దాటేసరికి మామూలుకు వస్తుంది. రాత్రి తొమ్మిదికి సూది, పొద్దున్న ఆరింటికి ల్యాబు కుర్రాడు. నాకు రిపోర్టులో ఎక్కువ చూపించి కంగారుపెట్టింది అదే. మళ్లీ మధ్యాహ్నం మూడింటికి ఇస్తే మామూలుగానే వచ్చింది.

7. కరెంటు పోతే, వరదొస్తే

ఫ్రిజ్ తలుపు తీయకపోతే గంటా రెండు గంటల కోతకు భయం లేదు. బాగా ఎక్కువసేపు పోతుందని తెలిస్తే పెన్నును తువ్వాలు చుట్టి ఫ్లాస్కులోకి మార్చండి.

నాకు అంతకన్నా పెద్దదే వచ్చింది. 2024 ఆగస్టు 31న కుండపోత. మర్నాడు ఆదివారం బుడమేరు వాగు నీళ్లు విజయవాడలో మా సింగ్‌నగర్ వీధుల్ని ముంచేశాయి. మాది మొదటి అంతస్తు కాబట్టి మేం తడవలేదు కానీ కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఫ్రిజ్‌లో సగం వాడిన పెన్ను ఒకటి, కొత్తది ఒకటి. మొదటి రోజు ఫ్రీజర్‌లోని ఐసంతా ఫ్లాస్కులో వేసి, పెన్నుల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మధ్యలో పెట్టాను. రెండో రోజు సాయంత్రానికి అది గోరువెచ్చని నీళ్లు. మూడో రోజు పడవ వచ్చింది. ఒక చేత్తో ఫ్లాస్కు గుండెకు హత్తుకుని ఎక్కుతుంటే, చెయ్యిచ్చిన అబ్బాయి "అందులో బంగారం ఉందా మామ్మా?" అన్నాడు. ఆ ధరకు బంగారమే మరి.

గుంటూరు బ్రాడీపేటలో మా అక్క ఇంటికి చేరాక డాక్టరు గారికి ఫోన్ చేశాను. రెండు పెన్నులూ పారేయమన్నారు. "పాడైన మందు చూడ్డానికి బాగానే ఉంటుందమ్మా, పని మాత్రం చేయదు. కొన్ని రోజులు ఆగితే ఎముకలకేమీ కాదు, కొత్తది దొరికినప్పుడు మొదలుపెట్టండి, పోయిన రోజులకు కలిపి వేసుకోవద్దు" అన్నారు. తొమ్మిది రోజులు సూది లేకుండా గడిపాను. అప్పటి నుంచి ఇంట్లో రెండో పెన్ను ముందుగా కొనిపెట్టడం మానేశాను, నడుస్తున్నది అయిపోయే మూడు రోజుల ముందు తెచ్చుకునేదాన్ని. ఇంటికి తిరిగొచ్చాక కింది అంతస్తు గచ్చు మీద చీలమండ లోతు బురద. మావారు, మా అబ్బాయి కడిగి ఆరేదాకా నేను మెట్లు దిగలేదు. ఆ బురదలో జారితే సూదులేం కాపాడతాయి!

8. పక్కన నడవాల్సినవి

కాల్షియం, విటమిన్ డి లేకుండా ఈ సూది వేసుకోవడం ఇసుక, సిమెంటు తేకుండా మేస్త్రీని పిలవడమే. రాగి జావ, పెరుగు, నువ్వులు, ముళ్లతో నమిలే చిన్న చేపలు మన వంటింట్లో ఉన్నవే. మాత్రలు ఎన్ని అన్నది మీ తిండిని బట్టి డాక్టరు చెబుతారు. కాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్నాక వేసుకోండి. థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి 60,000 యూనిట్లది మామూలుగా వారానికొకటే రాస్తారు. అది రోజూ మింగి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, చీటీ మళ్లీ చదవండి.

వంగి బరువులు ఎత్తకండి. బిందె, గ్యాస్ బండ, జాడీ ఏదైనా సరే. నడవండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించండి.

9. ఆఖరి పెన్ను సగంలో ఉండగానే

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేనూ రెండేళ్లయింది కదా, గండం గడిచిందనుకున్నాను. సూది ఆపి ఊరుకుంటే కట్టిన ఎముక నెలల్లోనే కరగడం మొదలవుతుంది. దాన్ని నిలబెట్టడానికి కరగకుండా ఆపే మందు వెంటనే అందుకోవాలి. వారానికోసారి మింగే మాత్ర కావచ్చు, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ కావచ్చు, ఆరు నెలల డెనోసుమాబ్ కావచ్చు. డెనోసుమాబ్‌కు ఒప్పుకుంటే తేదీ తప్పించకూడదు, ఉన్నట్టుండి మానేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. పక్కింటావిడకు ఈ సంగతి నేనే చెప్పాను.

ఆఖరి పెన్ను సగంలో ఉండగానే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 2025 జూలైలో నాకు మళ్లీ డెక్సా తీశారు. వెన్ను స్కోరు మైనస్ 3.6 నుంచి మైనస్ 3.0కి వచ్చింది. రెండేళ్లకు ఇంతేనా అని మొహం వేలాడేశాను. "వెన్నులో పది శాతం పైన ఎముక పెరిగిందమ్మా, రెండేళ్లలో ఒక్క పూస కూడా కొత్తగా నలగలేదు" అన్నారాయన. తుంటిలో పెద్ద మార్పు లేదు.

నాకు జోలెడ్రోనిక్ ఎంచుకున్నారు. దానికి ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. పీకాల్సిన పళ్లుంటే ముందే పీకించేసుకోవాలట, ఈ మందు తర్వాత అరుదుగా దవడ ఎముక మానక ఇబ్బంది పెడుతుంది. నాకొక దంతం పీకి, పుండు మానేదాకా ఆగారు. క్రియాటినిన్, విటమిన్ డి మళ్లీ చూశారు. ఆ రోజు పొద్దున్నుంచి నీళ్లు బాగా తాగి వెళ్లాను. డ్రిప్ అరగంట లోపే అయిపోయింది. ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు. మొదటిసారి ఎక్కించుకున్నవాళ్లలో చాలామందికి ఇలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాను. మూడో రోజుకు తగ్గింది. మళ్లీ ఏడాదికి పెట్టించుకోవాల్సిన తేదీని అదే క్యాలెండర్ మీద, పెన్నుల తేదీలు రాసిన ఎర్ర పెన్సిల్‌తోనే రాసిపెట్టాను.